బలం పొడి

తెల్లవారగానే ఆ చెరువు మీద చినుకులు పడేవి. ఆకాశంలో మబ్బున్నా లేకపోయినా పడేవి. కొత్తగా వచ్చినవాళ్ళు తలెత్తి పైకి చూస్తే చెరువాయన నవ్వేవాడు.

"వాన కాదండీ. మా కోళ్ళు నిద్ర లేచాయి."

చెరువులో ఒక మూల, నీళ్ళ మీదే, సిమెంటు స్తంభాలు నిలబెట్టి కోళ్ళ షెడ్డు కట్టించాడతను. దాని అడుగున నేల లేదు. వేలు పట్టేంత సందులు వదిలి పరిచిన కర్రబద్దలు మాత్రమే ఉన్నాయి. ఆరు వందల కోళ్ళు ఆ బద్దల మీద తిరుగుతూ దాణా తినేవి. వాటి రెట్ట సందుల్లోంచి నేరుగా నీళ్ళలో పడేది. ఆ మేర నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉండేవి. చప్పుడు మొదలవగానే చేపలు గుంపులుగా అక్కడికి చేరి నోళ్ళు తెరిచేవి.

పైన కోళ్ళు, కింద చేపలు. చెత్తంటూ ఏదీ మిగలదు, చేపల మేతకు వేరే వెతుక్కోనక్కర్లేదు. ఇది చూడడానికి మనుషులు వచ్చేవారు. చూసి వెళ్ళి తమ చెరువుల మీదా అలాంటి షెడ్లే కట్టుకున్నారు. ఏడేళ్ళ కింద కాలువ పొడవునా ఉన్నది చెరువాయన షెడ్డు ఒక్కటే. ఇప్పుడు పదకొండున్నాయి. పొద్దున్నే కాలువ గట్టున నడిచేవారికి ఆ చినుకుల చప్పుడు ఒక చెరువు దగ్గర తగ్గి ఇంకో చెరువు దగ్గర మొదలవుతూ చివరిదాకా వెంట వచ్చేది.

చెరువు గేటు పక్కన రేకుల నీడలో అక్క కూర్చునేది. ఆమె చెరువాయనకు సొంత అక్క. అతనికంటే పదేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. అప్పట్నుంచీ వాళ్ళిద్దరి కడుపూ నింపింది, అతన్ని పదో తరగతి దాకా చదివించింది ఆమె ముందున్న కత్తిపీటే. తమ్ముడు చెరువు యజమాని అయ్యాక కూడా ఆమె కత్తిపీట వదల్లేదు. "ఖాళీగా కూర్చుంటే నా చెయ్యి నన్నే తిడుతుందిరా," అనేది. కొన్నవాళ్ళకు చేప పొలుసు తీసి, మొప్పలు లాగి, అడిగిన సైజులో ముక్కలు కోసి ఇచ్చేది. ఆ కుడిచెయ్యి పనిచేస్తుంటే చూడడం ముచ్చటగా ఉండేది. ఆ కాస్సేపూ జనం కబుర్లు కూడా మర్చిపోయేవారు.

ఇక్కడ చదువరులు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ మాట 'బలం'.

షెడ్డు కట్టిన కొత్తలో కోళ్ళు మెడలు వాల్చి తూలాయి. చెరువాయన పరుగున దాణా కొట్టుకు వెళ్ళాడు. ఆ కొట్టాయన్ని అందరూ బాబాయి అంటారు. బాబాయి లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. దాని మీద కండలు తిరిగిన కోడిపుంజు బొమ్మ ఉంది.

"ఇది బలం పొడి అబ్బాయ్. రోజూ దాణాలో ఓ గరిటె కలుపు. జబ్బొచ్చాక పరిగెత్తడం ఎందుకు, రాకముందే బలం పట్టించు."

కోళ్ళు లేచాయి. త్వరగా పెరిగాయి కూడా. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఉప్పు, చింతపండులాగే బలం కూడా నిండుకోకూడని వస్తువైంది. "కోళ్ళకి బలం పెట్టావా?" అని భర్త అడిగేవాడు. "పొద్దున్నే పెట్టాను, నాకే ఎవరూ పెట్టట్లేదు," అని భార్య జవాబు చెప్పేది.

అంతటితో ఆగలేదు. ఒకసారి చెరువాయన కాలికి రేకు గీసుకుంది. పక్కనే ఉన్న పొడి చిటికెడు తీసి అద్దుకున్నాడు. మర్నాటికి గాయం ఎండిపోయింది. ఆ రోజునుంచి గేటు దగ్గర మేకుకు ఒక చిన్న డబ్బా వేలాడుతూ ఉండేది. చేప ముల్లు గుచ్చుకున్నా, కత్తి తగిలి తెగినా, అందులోంచి చిటికెడు. పక్క చెరువుల వాళ్ళూ ఇది చూసి నేర్చుకున్నారు. కోడికి పనిచేసింది మనిషికి పనిచెయ్యదా అన్నది వాళ్ళ లెక్క. పొట్లం మీద పుంజునే అందరూ చూశారు. ఏడేళ్ళలో ఒక్కరూ దాన్ని వెనక్కి తిప్పలేదు.

ఆ సంవత్సరం ఎండలు ముదిరాక నీటి మట్టం దిగింది. చెరువులో రెండు మూడు చేపలు తేలడం మొదలైంది. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, రెక్కల అంచులు నమిలినట్టుగా ఉన్నాయి. చెరువాయన వాటిని వల గరిటెతో ఏరి గట్టున పూడ్చి, బాబాయిని అడిగాడు.

"వేడికి నీరసపడ్డాయిలే. కొన్నాళ్ళు రెండు గరిటెలెయ్యి," అన్నాడు బాబాయి.

రెండు గరిటెలు వేశాడు.

ఆ వారమే ఒక పొద్దున లెక్కల మాస్టారు సంచీ పట్టుకుని వచ్చారు. అక్క తొట్టిలోంచి బతికున్న చేపను పట్టి కత్తిపీట దగ్గరికి తెచ్చింది.

"చిన్న ముక్కలు కొయ్యమ్మా. మా ఇంట్లో ఏడుగురం."

"చేపొకటి, మనుషులేడుగురు. మీరు లెక్కలు చెప్తారు గనక సరిపోయింది, నేనైతే పంచలేను మాస్టారూ."

నవ్వుతూ అంటున్నప్పుడే చేప ఒక్కసారి మెలి తిరిగింది. దాని వీపు మీది రెక్క విచ్చుకుని ముల్లు అక్క కుడిచేతి బొటనవేలి మొదట్లో దిగింది. ఆమె పళ్ళు బిగపట్టి లాగేసింది. రక్తం ఒక చుక్కే వచ్చింది. మాస్టారు మొహం తిప్పుకున్నారు.

"ఏం మాస్టారూ, పిల్లల్ని బెత్తంతో కొట్టేటప్పుడు ఈ జాలి ఏమవుతుంది?"

చెరువాయన గట్టు మీంచి చూసి గబగబా వచ్చాడు. డబ్బా దించి, చిటికెడు బలం తీసి, అక్క చేతిని తన చేతిలోకి తీసుకుని గాయంలోకి నొక్కాడు. ఆ చేతికి అలాంటి ముళ్ళు కొత్త కాదు. ఆమె తడి చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని మిగతా చేపను కోసేసింది.

సాయంత్రానికి బొటనవేలు బరువెక్కింది. మర్నాడు పొద్దున్న వేలి ఉంగరం కండలోకి దిగిపోయి కనిపించింది. చెరువాయన భార్య సబ్బు రాసి, తిప్పి తిప్పి దాన్ని ఊడదీసింది. తీస్తుంటే వదిన మొహం చూసి భయపడింది.

"వదినా, డాక్టరుకి చూపిద్దాం."

"ముల్లుకి డాక్టరేంటే. విన్నవాళ్ళు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నీకసలే షుగరుంది."

"షుగరున్నా నా నోరు తియ్యగా లేదని మీ ఆయన అంటూనే ఉన్నాడుగా."

తమ్ముడు మళ్ళీ కొంచెం పొడి అద్ది గుడ్డ కట్టాడు. ఈసారి చిటికెడు కాదు, చెంచాడు.

రెండో రోజుకు జ్వరం వచ్చింది. వీధి చివరి డాక్టరు దగ్గరికి నడిచే వెళ్ళింది అక్క. ఆయన గాయం కడిగి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంతకుముందు మందులేమైనా వాడారా?"

"షుగరు బిళ్ళ తప్ప ఏమీ లేదండీ," అంది అక్క.

"గాయానికి?"

"ఏం వాడలేదండీ," అన్నాడు తమ్ముడు.

అతను అబద్ధం చెప్పలేదు. అతని దృష్టిలో మందు అంటే డాక్టరిచ్చేది. మేకుకు వేలాడేది మందు కాదు, బలం. డాక్టరు బిళ్ళలు రాసిచ్చి, మూడు రోజులు చూద్దామన్నాడు. ఆయన తప్పు కూడా లేదు. అలాంటి గాయానికి ఎవరైనా ముందు ఆ బిళ్ళలే ఇస్తారు.

బిళ్ళలు వేసుకుంటూ ఉండగానే వాపు మణికట్టు దాటింది. మూడో రోజుకు చర్మం వంకాయ రంగులోకి తిరిగి, నీటిపొక్కులు లేచాయి. నాలుగో రోజు అక్క కత్తిపీట దగ్గరికి రాలేదు. ఆమె రాకపోవడం ఆ గేటు కట్టాక అదే మొదటిసారి. రేకుల నీడలో ఖాళీ పీట చూసి కొనడానికి వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడారు. షెడ్డు కింద మాత్రం చినుకులు పడుతూనే ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో తెల్లటి గది, ఎనిమిది మంచాలు. అక్కది కిటికీ పక్క మంచం. పెద్ద డాక్టరు గాయాన్ని చూశాడు. సూదిమందు మొదలుపెట్టమని నర్సుకు చెప్పి, పుండులోంచి కాస్త రసి తీయించి పరీక్షల గదికి పంపించాడు. తర్వాత చెరువాయన వైపు తిరిగాడు.

"ఇదివరకు ఏం మందులు వాడారు?"

అతను వీధి డాక్టరు రాసిన కాగితం చూపించాడు.

"ఇవి కాకుండా?"

"ఇంకేం లేవు సార్. నా మీద ఒట్టు."

పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు మూడు రోజులూ చెరువాయన మంచం పక్కనే కూర్చున్నాడు. సూదిమందు చుక్కలు గొట్టంలో పడుతుంటే లెక్కపెట్టేవాడు. జ్వరం తగ్గలేదు. ఎర్రదనం మోచేతి వైపు పాకుతోంది. ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి నర్సు పెన్నుతో చర్మం మీద గీత గీసింది. పొద్దున్న గీసిన గీతను సాయంత్రానికి ఎరుపు దాటేసేది. నర్సు ఇంకో గీత గీసేది.

అక్క ఆ గీతలు చూసి, "మన చెరువుకి నీటి మట్టం గీతలు పెట్టినట్టుందిరా," అంది. కాసేపాగి, "ఇది పెరుగుతోంది, అది తగ్గుతోంది. అంతే తేడా," అని కళ్ళు మూసుకుంది.

ఆసుపత్రి మందు పనిచెయ్యడం లేదు. అది చెరువాయనకు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. పనిచేసేది తన దగ్గర ఉందని అతను మనసారా నమ్మాడు. ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చుకున్నప్పుడు ఒక పొట్లం కూడా చొక్కా జేబులో వేసుకొచ్చాడు. నర్సు పక్క మంచం దగ్గర ఉన్నప్పుడల్లా, కట్టు అంచు కాస్త ఎత్తి, వేళ్ళతో లోపలికి పొడి జల్లేవాడు. అక్క కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏంట్రా అది?"

"బలం అక్కా."

"పెట్టు," అంది ఆమె. చిన్నప్పుడు అతనికి అన్నం ముద్దలు పెట్టిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చేతిని నమ్మకంగా అతని ముందుకు చాపింది.

మూడో రోజు కట్టు మారుస్తున్న నర్సు ఆగిపోయింది. దూది మీద తెల్లటి పొడి.

"ఏంటిది?"

చెరువాయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మిమ్మల్నే. ఇది మేం పెట్టింది కాదు. ఏంటిది?"

"ఏం లేదమ్మా. బలం."

నర్సు అతన్ని నిలువునా చూసి, కట్టు అలాగే వదిలి వెళ్ళి, పరీక్షల గది పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చింది. నెరిసిన జుట్టు, దళసరి అద్దాలు, తెల్ల కోటు మీద రంగు మరకలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో క్రిములను పెంచి, చూసి, చంపడమే ఆవిడ పని. ఆవిడ కోప్పడలేదు. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. మందుల సంగతి ఎత్తలేదు.

"మీరేం పని చేస్తారు బాబూ?"

"చేపల చెరువండీ. పైన కోళ్ళు కూడా ఉన్నాయి."

"పైన అంటే?"

"నీళ్ళ మీదే షెడ్డు. రెట్ట చెరువులో పడుతుంది, చేపలు దాంతో పెరుగుతాయి."

"కోళ్ళకేం పెడతారు?"

"దాణా, నీళ్ళు, బలం."

"ఆ బలం చూపించండి."

అతను జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాడు. ఆవిడ కోడిపుంజు వంక చూడనైనా చూడలేదు. పొట్లాన్ని వెనక్కి తిప్పింది. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చీమ తలకాయలంత అక్షరాలు చదివింది. తర్వాత వీధి డాక్టరు రాసిన కాగితం అడిగి తీసుకుంది. రెండూ పక్కపక్కన అతని ఒళ్ళో పెట్టి ఒక మాట మీద వేలు పెట్టింది.

"మీకు చదవడం వచ్చుగా. ఈ పేరూ ఆ పేరూ ఒకటో కాదో చూడండి."

అతను కూడబలుక్కుని చదివాడు. మొదటి నాలుగక్షరాలు కలిశాయి. తర్వాతవీ కలిశాయి.

"ఒకటేనండీ."

"ఇది బలం కాదు. మందు. క్రిముల్ని చంపే మందు. ఎన్నేళ్ళుగా పెడుతున్నారు?"

"ఏడేళ్ళు."

"నాతో రండి."

పరీక్షల గదిలో ఉడికిన గంజి వాసన లాంటిదేదో ఉంది. ఆవిడ పెట్టెలోంచి అరచేయంత గుండ్రటి పళ్ళెం తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అడుగున గట్టిపడిన జిగురు. దాని మీద పాలమీగడలా సన్నటి పొర. ఆ పొర మీద చుట్టూ పేర్చినట్టు ఏడు చిన్న కాగితపు బిళ్ళలు.

"ఈ పొర మీ అక్క పుండులో దొరికిన క్రిమి. మంచినీళ్ళ చెరువుల్లో, చేపల ఒంట్లో ఉంటుంది. బురదగా, మురికిగా ఉన్న నీళ్ళలో బాగా పెరుగుతుంది. ఈ ఏడు బిళ్ళలకీ ఏడు రకాల మందులు పట్టించాం. మందు పనిచేస్తే బిళ్ళ దగ్గరికి క్రిమి రాలేదు. చుట్టూ ఖాళీగా గుండ్రంగా కనిపించాలి. కనిపిస్తోందా?"

అతను చూశాడు. పొర బిళ్ళల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంది. రెండు బిళ్ళల మీదికైతే ఎక్కేసినట్టే ఉంది. చివరిదైన ఏడోదాని చుట్టూ మాత్రం గోరంత మేర ఖాళీ.

"ఇది మీ పొడిలో ఉన్న మందు," అంటూ ఆవిడ ఒక బిళ్ళ చూపించింది. పొర అన్నిటికంటే దట్టంగా ఉన్నది దాని చుట్టూనే. "జబ్బు లేని కోడికి రోజూ కొంచెం కొంచెం పెట్టారు. అది కోడి కడుపులో సగం ఖర్చై, మిగతాది రెట్టతో నీళ్ళలో పడింది. అన్నీ చచ్చేంత మోతాదు కాదు గనక నీళ్ళలో బలహీనమైన క్రిములు పోయి మొండివి మిగిలాయి. వాటికే పిల్లలు పుట్టాయి. ఒక మందుకు లొంగకుండా ఉండడం నేర్చుకున్నది, పక్కనున్న ఇంకో క్రిమి దగ్గర ఇంకో మందు సంగతీ నేర్చుకుంటుంది. ఏడేళ్ళు మీ చెరువులో వాటికి బడి నడిచింది. ఆ చదువు పూర్తయిన క్రిమే ముల్లుతో మీ అక్క చేతిలోకి వెళ్ళింది."

 అతను పళ్ళెం వైపే చూస్తూ అడిగాడు.

"మరి నేను గాయంలో పెట్టింది?"

ఆవిడ పళ్ళేన్ని మెల్లగా పెట్టెలో పెట్టింది. "దానికి తెలిసిన మందే అది. దాన్ని చంపలేదు. మొదటి రోజే శుభ్రంగా కడిగి ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే, బలం పెట్టామని ఒక్క మాట చెప్పి ఉంటే, మేం ఈ ఏడో బిళ్ళ మందుతోనే మొదలుపెట్టేవాళ్ళం. పోయిన రోజులు పోయాయి."

ఆ ఏడో మందు అప్పుడే మొదలుపెట్టారు. కాని పెద్ద డాక్టరు సాయంత్రం వచ్చి ఎరుపు గీతలు చూసి, ప్రాణం కావాలంటే చెయ్యి వదులుకోవాలన్నాడు. మోచేతికి కాస్త కింద. రేపు పొద్దున్నే.

చెరువాయన కాగితం మీద సంతకం పెట్టి వచ్చి అక్క మంచం పక్కన నిలబడ్డాడు. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"కుడిచెయ్యేనా?"

"కుడిచెయ్యే అక్కా."

"సంతకం నువ్వు పెట్టావా?"

"నేనే."

"సరేలే. నా చెయ్యి ఎలాగూ వేలిముద్ర దాటి ముందుకెళ్ళలేదు. నీ చెయ్యి సంతకం నేర్చుకుంది, చాలు." ఎండిన పెదాలు తడుపుకుని అడిగింది. "ఒరేయ్, నువ్వు నాకు పెట్టింది బలమే కదరా?"

అతను తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఆమె వైపు మాత్రం చూడలేకపోయాడు. ఆ ప్రశ్నకు అతను బతికినన్నాళ్ళూ జవాబు చెప్పుకుంటూనే ఉండాలి.

అక్క బతికింది. మూడో వారం ఇంటికి వచ్చింది. ఆ లోపల చెరువాయన దాణా కొట్టుకు ఒకసారి వెళ్ళాడు. పొట్లాన్ని వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టాడు.

"బాబాయి, ఇది మందని నీకు తెలుసా?"

బాబాయి తరాజు తుడుస్తూ, "తెలుసు," అన్నాడు.

"మరి బలమని ఎందుకన్నావు?"

"మందు అంటే మీరు జబ్బున్న రోజే కొంటారు. బలమంటే రోజూ కొంటారు." అతను తలెత్తలేదు. "నీ ఒక్కడికే ఇచ్చానా అబ్బాయ్? కాలువ పొడుగునా అందరికీ ఇచ్చాను. అందరి చేతులూ పోయాయా?"

"ఇంకా పోలేదు బాబాయి," అన్నాడు చెరువాయన.

అతను షెడ్డు విప్పడం మొదలుపెట్టాడు. కోళ్ళను గట్టుకు దూరంగా, గట్టి నేల మీదికి మార్చాడు. రెట్టను గోతిలో వేసి మాగబెట్టాలని, పచ్చిది నీళ్ళలో పడనివ్వకూడదని, చెరువు నీళ్ళు కాలువలోకి వదలకూడదని పరీక్షల గది పెద్దావిడ చెప్పింది. నీళ్ళూ చేపలూ పరీక్ష చేసి బాగున్నాయని తేలేదాకా ఒక్క చేప కూడా గేటు దాటకూడదని కూడా చెప్పింది. చేపలకోసం నీళ్ళ తొట్లతో లారీ వచ్చింది. చెరువాయన గేటు తియ్యలేదు. కారణం చెప్పాడు.

"వండితే ఏ క్రిమైనా చస్తుంది కదయ్యా," అన్నాడు డ్రైవరు.

"చస్తుంది. వండేలోపల పట్టుకునే చేతులు, కోసే చేతులు, కడిగే చేతులు ఎన్నుంటాయో నీకు తెలుసా?"

డ్రైవరు భుజాలెగరేసి లారీ ఎక్కాడు. అది వంద గజాలు పోయి పక్క చెరువు గేటు ముందు ఆగింది. ఆ గేటు వెంటనే తెరుచుకుంది.

చెరువాయన వాన ఆపేశాడన్న వార్త గట్టంతా పాకింది. ఒక ఉదయం చెరువుల వాళ్ళు ఏడెనిమిది మంది కలిసి వచ్చారు. కొందరు పరామర్శకు వచ్చారు, కొందరు వింత చూడడానికి. రేకుల నీడలో అక్క తన పాత పీట మీదే కూర్చుని ఉంది. కుడి మోచేతి కింద చెయ్యి మణికట్టు దగ్గరికి రాకముందే ఆగిపోయింది. ఒళ్ళో ఉన్న ఎడంచేతిలో తడి గుడ్డ. కత్తిపీటను తుడుస్తోంది, ఊరికే.

చెరువాయన అంతా చెప్పాడు. పొట్లం వెనక అక్షరాలు, పళ్ళెం, ఏడు బిళ్ళలు. చెబుతూ చెబుతూ, "మీకందరికీ ఈ దారి చూపించింది నేనే," అని ఆగిపోయాడు.

"నీ చెరువులో పడ్డ పురుగు మా చెరువులో పడాలని ఏముంది?" అన్నాడొకడు.

"అందరి నీళ్ళూ అదే కాలువవి కదా," అంది చెరువాయన భార్య.

"ఏడేళ్ళుగా వాడుతున్నాం. మాకేం కాలేదమ్మా," అన్నాడు పక్క చెరువాయన. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వచ్చినప్పటినుంచీ అలాగే నిలబడ్డాడు.

అక్క తుడవడం ఆపి పక్క చెరువాయన వైపు తిరిగింది.

"తమ్ముడూ, నీ చేతులు ముందుకు పెట్టు."

"ఎందుకక్కా?"

"పెట్టు."

అతను తటపటాయించి కుడిచెయ్యి ముందుకు తెచ్చాడు. చూపుడువేలికి గుడ్డపీలిక. దాని అంచున తెల్లటి పొడి అంటుకుని ఉంది. వేలు కణుపుల దగ్గర కొంచెం నిగనిగలాడుతోంది. 

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"మొన్న. లారీకి చేపలెత్తేటప్పుడు. చిన్నదే."

"నాదీ చిన్నదే. ఇప్పుడే బయల్దేరు, మా తమ్ముడు తీసుకెళ్తాడు. డాక్టరు ఏం వాడావని అడుగుతాడు. ఏం చెప్తావు?"

"ఏం వాడలేదు కదక్కా," అన్నాడతను అలవాటుగా. "కొంచెం బలం..."

అతని మాట సగంలోనే ఆగిపోయింది. కాలువ వెంట పది చెరువుల మీద చినుకులు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆకాశంలో మబ్బు లేదు.

అక్క తన మొండి చేతిని ఎత్తి అందరికీ కనిపించేలా చూపించింది.

"ఇకనుంచి దాన్ని మందు అని పిలవండి. జబ్బు లేని కోడికి రోజూ మందు పెడితే బలం వచ్చేది కోడికి కాదు, పురుగుకి. అలా పెంచుకుంటూ పోతే, మనకు జబ్బు చేసిన రోజున మందు ఉండదు."